మచ్చపండ్ల గది

రేవు పక్కన పండ్ల గోడౌన్ల వీధిలో ఆమెను జోలక్క అనని మనిషి లేడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, జీతం పుచ్చుకునే రోజున తప్ప అది ఎవరికీ గుర్తు రాదు. ఒక్కోసారి ఆమెకే గుర్తు రాదు. ఆమె పని అరటికాయల్ని మగ్గబెట్టడం. సముద్రానికి అవతల ఎక్కడో కోసిన పచ్చికాయలు పెట్టెల్లో సర్దుకుని, చలికి కళ్ళు మూసుకుని, అలల మీద ఊగుతూ వస్తాయి. ఓడ ఆగినా వాటికి తెలీదు. వాటిని నెమ్మదిగా లేపి, ఒంటికి రంగు తెప్పించి, ఊళ్ళోని దుకాణాలకు పంపాలి.

"నిద్ర లేపే మనిషికి జోలక్క అని పేరేంటి?" అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. చేరిన కొత్తల్లో ఆ పెద్ద పెద్ద గదుల్లో ఒంటరిగా తిరగాలంటే ఆమెకు గుండె జారిపోయేదట. భయం పోవడానికి ఏదో ఒక కూనిరాగం తీసేది. తలుపు బయట నిలబడ్డ హమాలీలు అది విని, "పిల్లలు పడుకున్నారా అక్కా? మెల్లగా తియ్యమంటావా తలుపు?" అని ఏడిపించారు. ఏడిపించడానికి పెట్టిన పేరు ఏళ్ళు గడిచేసరికి గౌరవంగా మారింది. పేర్ల సంగతి అంతే. అవీ మగ్గుతాయి.

చిన్నప్పుడు వాళ్ళది ఒంటిగది ఇల్లు. తల్లి వీధుల వెంట పండ్లు అమ్మేది. మండీలో దోరకాయలు చవగ్గా తెచ్చి, మంచం కింద గడ్డి పరిచి, అందులో పొదిగి, పైన గోనెపట్టా కప్పేది. ఆ మంచం మీదే తల్లీకూతుళ్ళు పడుకునేవాళ్ళు. కింద నుంచి వెచ్చటి తియ్యటి వాసన మెల్లగా పైకి లేచి, దుప్పట్లోకి దూరి, అక్కణ్ణుంచి పిల్ల కలలోకి వెళ్ళేది. కలలో అంతా పసుపే. పసుపు వెలుతురు, పసుపు నీళ్ళు, పసుపు ఇసుక మీద తన పాదాల గుర్తులు. తెల్లారి తల్లి గడ్డి తప్పించి చూస్తే కాయలు నిజంగానే పండి ఉండేవి. తాను కల గన్నందుకే అవి పండాయని ఆ పిల్ల చాలా ఏళ్ళు నమ్మింది. తల్లి కూడా ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు. "సరిగ్గా నిద్రపోలేదే నువ్వు? చూడు, ఇవింకా గట్టిగానే ఉన్నాయి" అని వేళాకోళం చేసేది.

తల్లి పోయాక గోడౌన్‌లో పండ్లకు స్టిక్కర్లు అంటించే పనిలో చేరింది. ఒకరోజు మగ్గబెట్టే గది పక్కనుంచి పోతూ వాసన తగిలి ఆగి, "ఇందులో ఒక మూల తొందరపడుతోంది" అంది. పాత మేస్త్రి నవ్వుతూ తలుపు తీయించాడు. కుడివైపు మూలన ఫ్యాను ఆగిపోయి ఉంది. అక్కడి కాయలు మాత్రం ముందే మేలుకుని, ఆకుపచ్చ గుంపులో పసుపుగా నిలబడి ఉన్నాయి. మేస్త్రి నవ్వడం మానేసి ఆమె చేతిలో స్టిక్కర్ల చుట్ట తీసుకుని పక్కన పెట్టాడు. మర్నాటి నుంచి ఆమె ఆయన శిష్యురాలు.

"పండు పొయ్యి మీద కూర కాదమ్మా, మంట పెంచితే ఉడకడానికి. ఎప్పుడు లేవాలో దానికే తెలుసు. నువ్వు తలుపు తట్టాలి, అంతే" అనేవాడాయన. తలుపు తట్టడమంటే ముందు గదిని కొంచెం వెచ్చబరచడం, తర్వాత కొద్దిగా గ్యాసు వదలడం. ఆ గ్యాసు మరేదో కాదు, పండు పండేటప్పుడు తనంతట తాను విడిచే ఊపిరే. ఒక పండు ఊపిరి విడిస్తే పక్కది వింటుంది, అది విడిస్తే దాని పక్కది వింటుంది. అలా గదంతా గుసగుసలు పాకుతాయి. తలుపు తీయగానే లోపలికి అడుగు పెట్టకూడదు, కాసేపు గాలి ఆడనివ్వాలి. ఆ కాసేపట్లో గడప దగ్గర నిలబడిన జోలక్కకు కళ్ళు బరువెక్కేవి. వెచ్చటి గాలి మొహానికి తగిలి, అమ్మ మంచం, గడ్డి, గోనెపట్టా అన్నీ ఒక్క క్షణం అక్కడే ఉన్నట్టుండేవి. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు గానీ, జోలక్కకు మాత్రం నిద్రకీ మెలకువకీ నడుమ నిలబడ్డ ఆ గడపే సుఖం.

పెళ్ళయింది. పెనిమిటి రేవులో క్రేను నడుపుతాడు. ఓడలోంచి కంటైనర్లను బొమ్మల్లా ఎత్తి ఒడ్డున పెడతాడు. నోటి నిండా హాస్యం, చేతి నిండా పని. ఒక్కతే కూతురు. చదువయ్యాక ఊళ్ళోకెల్లా పెద్ద సూపర్‌మార్కెట్‌లో పండ్ల అరలు సర్దే ఉద్యోగంలో చేరింది. ఒకరోజు అన్నాలు తింటుండగా తండ్రి పెద్ద నిజం కనిపెట్టినవాడిలా మొహం పెట్టి, "మన ఇంటి సంగతి చూశారా? నేను దించుతాను, మీ అమ్మ మగ్గబెడుతుంది, నువ్వు పారేస్తావు. ముగ్గురం కలిసి సముద్రాన్ని చెత్తకుండీలోకి ఎత్తిపోస్తున్నాం" అన్నాడు.

నవ్వుతారనుకున్నాడు. కూతురు ముద్ద కలపడం ఆపింది.

"నేను పారేసేవి కుళ్ళినవి కాదు నాన్నా. చుక్క పడ్డవి. చుక్క కనిపిస్తే అరలో ఉంచకూడదని రూలు. సాయంత్రం అయ్యేసరికి వెనక డబ్బా నిండిపోతుంది. చుక్క పడ్డాకే అసలు తీపి అని అమ్మ అంటుంది. నేనేమో ఆ తీపినే తీసుకెళ్ళి పారబోస్తాను."

ఇన్నేళ్ళుగా తన తలుపు దాటిన పండు ఏమవుతుందో జోలక్క ఎప్పుడూ అడగలేదు. ఎక్కడి నుంచి వస్తోందో కూడా అడగలేదు. అవి చలిలోంచి వచ్చేవి, వెలుగులోకి వెళ్ళేవి. మధ్యలో ఆమె గది. ఆమెకు తెలిసిన లోకం అంతే.

ఆ ఏడు ఎప్పుడూ సరుకు పంపే పెద్ద తోటల వాళ్ళ దగ్గర కాపు తగ్గింది. యజమాని అటూ ఇటూ వాకబు చేసి, అదే దేశంలో ఒక దీవిలోని చిన్న రైతుల సంఘంతో ఆ కాపు మొత్తానికి మాట కుదుర్చుకున్నాడు. వాళ్ళవి కొండవాలు తోటలు. మొదటి పెట్టెలు విప్పినప్పుడే హమాలీలు పెదవి విరిచారు. కాయ కురచ, వంపు ఎక్కువ, తొక్క మీద గోధుమరంగు చుక్కలు. "వీటికి అమ్మోరు పోసిందేమో అక్కా" అన్నాడొకడు.

జోలక్క పైవరస పెట్టె మూత తీసి కాగితం తప్పించింది. రెండు కాయల సందున వేలి గోరంత ఆకుపచ్చ ముద్ద ఒకటి అతుక్కుని ఉంది. ఆకు ముక్క అనుకుని తీసి అరచేతిలో వేసుకుంది. ఆకుకి కాళ్ళున్నాయి. ఆ నాలుగు కాళ్ళనూ పొట్ట కిందికి ముడుచుకుని, కళ్ళు మూసుకుని, మంచుముక్కలా చల్లగా ఉంది. చచ్చిపోయిందనుకుంది. ఎందుకో పారేయబుద్ధి కాలేదు. రెండో చెయ్యి మూతపెట్టి, తెలియకుండానే రాగం తీస్తూ నిలబడింది. ఎంతసేపని ఎవరు చూశారు? అరచేతి నడుమ చిన్నగా ఏదో కొట్టుకుంది. చెయ్యి తెరిచి చూస్తే ఎర్రటి కన్ను ఒకటి తెరుచుకుని ఆమెనే చూస్తోంది.

"కప్ప! కప్ప వచ్చింది!" అని గోడౌనంతా గొల్లుమంది. తలా ఒక మాట. ఆ గోలలోకి దీవి మామ వచ్చాడు. ఆయన అక్కడి హమాలీల్లో పెద్దవాడు. కుర్రతనంలో ఆ దీవి నుంచే ఓడెక్కి ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఎన్నేళ్ళయినా మాటలో యాస పోలేదు. ఆయన గురించి అందరికీ తెలిసినవి రెండే సంగతులు. వేళ్ళకి గోళ్ళు సరిగ్గా ఉండవు, జీవితమంతా అరటికాయలు మోసినా ఒక్క అరటిపండు నోట పెట్టడు.

దీవి మామ జోలక్క అరచేతిలోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తన భాషలో ఏదో అని, మళ్ళీ అందరికీ అర్థమయ్యేలా అన్నాడు.

"ఇవి ఇంకా ఉన్నాయా?"

పక్కనున్న పెట్టె మీద కూలబడిపోయాడు. ఆయన అలా కూర్చోవడం ఎవరూ చూసి ఎరుగరు. జోలక్క కూడా పక్కనే కూర్చుంది. కప్ప ఆమె బొటనవేలు మీదికెక్కి కదలకుండా ఉంది.

"మా ఇల్లు తోటలోనే ఉండేది తల్లీ" అని మొదలుపెట్టాడాయన. "పొద్దు వాలితే ఇవి అరిచేవి. ఒకటీ రెండూనా, కొండంతా అరిచేది. మా అమ్మ ఏదో చెప్పేది, నోరు కదలడమే గానీ మాట వినిపించేది కాదు. పెద్ద కంపెనీ వచ్చింది. పొద్దున్నే విమానం వచ్చేది. చిన్న విమానం, ముద్దుగా ఉండేది. మేం పిల్లలం చేతులూపేవాళ్ళం. అది తోట మీద మందు చల్లుకుంటూ పోయేది. ఆరేసిన బట్టలు లోపలికి లాగేది మా అమ్మ. మేం తడిసేవాళ్ళం. పెద్దయ్యాక నేనూ ఆ మందు కలిపే పనిలోనే చేరాను. ఈ గోళ్ళు అందుకే."

"మరి కప్పలు?"

"ఎప్పుడు ఆగిపోయాయో ఎవరికీ తెలీదు. అరిస్తే వినిపిస్తుంది గానీ, అరవడం మానేస్తే ఎవరికి వినిపిస్తుంది? ఒకరోజు మా అమ్మ మాట్లాడుతుంటే స్పష్టంగా వినిపించింది. అప్పుడు తెలిసింది."

జోలక్క చుట్టూ పేర్చి ఉన్న పెట్టెల వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆమె చేతుల మీదుగా ఎన్ని పెట్టెలు పోయాయో! ఒక్కదాంట్లో పురుగు లేదు, చీమ లేదు, సాలీడు లేదు. అది శుభ్రత అనుకుంది. శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకుంది కూడా.

విదేశీ జీవి ఏది వచ్చినా తనిఖీ ఆఫీసుకు కబురు చెయ్యాలని నియమం. కప్పను దాచేద్దామని హమాలీలు గుసగుసలాడారు గానీ, జోలక్క ఒప్పుకోలేదు, కబురు చేసింది. తనిఖీ చేసే ఆవిడ మెత్తటి మనిషి. చిల్లులున్న డబ్బా తెచ్చి, తడిగుడ్డ పరిచి, కప్పను అందులోకి దింపుకుంది.

"దీన్ని ఇక్కడ బయట వదిలితే మన కప్పలకు కొత్త జబ్బులు అంటుకోవచ్చు. అలాగని చంపను, భయపడకండి. బొటానికల్ గార్డెన్‌లో అద్దాల ఇల్లుంది. అక్కడ ఉంటుంది" అంది.

"మేడమ్, మిగతా తోటల పెట్టెల్లో ఇవెందుకు రావు?" అని జోలక్క అడిగింది.

"కప్పది పల్చటి చర్మం కదండీ. చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. మందు గట్టిగా కొట్టే చోట బతకలేదు. ఇది వచ్చిందంటే ఆ తోటలో మందు లేదు, ఉన్నా తక్కువే" అని ఆవిడ మామూలుగా చెప్పేసి, డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది.

చెప్పినామె వెళ్ళిపోయింది, మాట మిగిలిపోయింది. ఆ సరుకునంతా గదిలో పెట్టకుండా ఒక్కో పెట్టె విప్పి వెతికారు. ఇంకో కప్ప దొరకలేదు గానీ, ఆ ఆలస్యానికి కాయలు వాటంతట అవే మేలుకుని పండిపోయాయి. చుక్కలు మచ్చలయ్యాయి. సూపర్‌మార్కెట్ వాళ్ళు ఒక్క పెట్టె కూడా తీసుకునేది లేదన్నారు.

యజమాని లెక్కల మనిషే గానీ చెడ్డవాడు కాడు. తలపట్టుకుని కూర్చున్నాడు.

"చిన్న రైతులతో పెట్టుకోవద్దని మా నాన్న చెప్పనే చెప్పాడు. అదంతా కప్పల తక్కెడ అన్నాడు. ఇలా నిజం కప్పలే వస్తాయని మాత్రం చెప్పలేదు" అన్నాడు. "ఇంకా ఓడలు దారిలో ఉన్నాయి. వచ్చినవి వచ్చినట్టు పారబోసి, ఈ కాపు అయిందనిపిస్తే వాళ్ళకో దణ్ణం."

"చిన్న గది నాకివ్వండి అయ్యా" అంది జోలక్క.

"ఎందుకు?"

"దారిలో ఉన్నవాటిని నేను మగ్గబెడతాను. అమ్మే సంగతి కూడా నేనే చూసుకుంటాను."

"అమ్మా, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతున్నాను. జనం కళ్ళతో కొంటారు. మచ్చ ఉంటే ముట్టుకోరు."

"ఒలిచి చేతిలో పెడితే మచ్చ కనపడదు కదండీ."

యజమానికి నవ్వొచ్చింది. నవ్వొచ్చిన మనిషి కాదనలేడు. వీధి చివర, పాత సామాను వేసుకునే చిన్న గది తాళంచెవి ఆమెకిచ్చాడు.

ఆ సాయంత్రమే జోలక్క పండిపోయిన పెట్టెల్లోంచి ఒక అత్తం పండ్లు తీసి అందరికీ తలా ఒకటి పంచింది. దీవి మామ దాకా వచ్చి ఆగింది. ఆయన తినడని తెలుసు. ఆయనే చెయ్యి చాచాడు. గోళ్ళు సరిగ్గా లేని వేళ్ళతో తొక్క ఒలవడానికి అవస్థ పడ్డాడు. ఎవరూ సాయం చెయ్యలేదు, చెయ్యకూడదని అందరికీ ఎలాగో తెలిసింది. ఒలిచి, కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలాడు.

"ఎలా ఉంది మామా?"

"కొండ వెనకవైపు" అన్నాడు. "మా వైపు కాదు. వెనకవైపు తోటలకు నీళ్ళు కాస్త ఆలస్యంగా అందేవి. అందుకే ఈ గట్టితనం."

ఆ చిన్న గదిని ఆమె తన చేత్తో కడిగింది. పెనిమిటి సెలవు రోజున వచ్చి తలుపు సందులకు రబ్బరు అంటించాడు. ఆ కొండవాలు కాయల తీరే వేరు. పెద్ద గదిలోవి సైనికుల్లా ఒక్కసారి లేచి నిలబడతాయి. ఇవలా కాదు. ఒకటి లేస్తే ఒకటి అటు తిరిగి పడుకునేది. గ్యాసు ఎక్కువ అక్కర్లేదు, తొందర అసలు పనికిరాదు. మధ్యాహ్నం పనులయ్యాక జోలక్క ఆ గది గడప దగ్గర స్టూలు వేసుకుని గోడకు ఆనుకునేది. కునుకు పట్టేది. కలలో ఒక వాలు. మంచులో తడిసిన పెద్ద పెద్ద ఆకులు. వాటి కింద ఎవరో వంగి నడుస్తుంటారు, మొహం కనిపించదు, భుజం మీద గెల కనిపిస్తుంది. ఆ మనిషి గెలను మెల్లగా, పసిపిల్లను దించినట్టు గడ్డి మీద దించుతాడు. ఎక్కడో కొండంతా అరుస్తోంది. ఏదో చెబుతాడు, పెదాలు కదులుతాయి, మాట వినిపించదు. వినిపించనందుకే ఆమెకు సంతోషంగా ఉంటుంది. మెలకువ వస్తే ఫ్యాను చప్పుడు, రేవులో ఓడ కూత, నాలుక మీద చెప్పలేని తీపి.

అమ్మడం మాత్రం కలగన్నంత సులువు కాలేదు. మొదట రేవు క్యాంటీన్‌కి వెళ్ళింది. అక్కడ వంట చూసే ఆవిడను క్రేను వాళ్ళందరూ క్యాంటీన్ వదిన అంటారు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. పండును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంటమ్మా ఈ మచ్చలు?"

"తిని చూడు వదినా."

తింది. ఇంకోటి తింది. మూడోది జేబులో వేసుకుంది. "చందమామకే మచ్చ ఉంది, ఎవరైనా వద్దన్నారా? రోజూ పంపించు. వంక పెట్టినవాడికి నేను సమాధానం చెప్పుకుంటాను" అంది.

తర్వాత ఒక బేకరీ ఒప్పుకుంది, ఒక బడి వంటశాల ఒప్పుకుంది. ఒప్పుకోనివాళ్ళే ఎక్కువ. కూతురు తన సూపర్‌మార్కెట్‌లో ఒక బుట్టయినా పెట్టించాలని చూసింది. మేనేజరు మంచిగానే విన్నాడు, పై ఆఫీసుకు రాశాడు, పై ఆఫీసు కుదరదంది. అంతకుముందు ఎన్నోసార్లు డబ్బాలో పారబోసిన చేతులే, ఆ రోజు మాత్రం మొరాయించాయి. ఏప్రన్ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేసింది.

తండ్రి హాస్యం ఆ రోజు ఎటో పోయింది. "మీ అమ్మమ్మ వీధుల్లో పండ్లు అమ్మింది. మీ అమ్మ ఆ వీధి దాటి గోడౌన్ గడప ఎక్కింది. నువ్వు అద్దాల తలుపుల్లోకి వెళ్ళావని నేను పదిమందికి చెప్పుకున్నాను. మళ్ళీ వీధిలోకే దిగుతావా?"

"దిగితే ఏమైంది నాన్నా? అక్కడ పారేసేదాన్ని. ఇక్కడ అమ్ముతాను."

"ఏమే, నువ్వయినా చెప్పు" అన్నాడు భార్యతో.

కూతురి ఉద్యోగం చూసుకుని జోలక్క కూడా లోలోపల గర్వపడింది. ఇప్పుడు అది పోయిందంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంది. అదే గుండెలో ఇంకో మూల ఏదో వెచ్చబడుతోంది కూడా. "నేనేం చెప్పను? తొందరపెట్టకండి, చూద్దాం" అంది. మేస్త్రి మాటే వచ్చింది నోటికి.

తండ్రి వారం పాటు ముభావంగా ఉన్నాడు. తర్వాత సెలవు రోజున, ఎవరూ అడగకుండానే, పాత సైకిలు చక్రాలు రెండు తెచ్చి తోపుడుబండి చెయ్యడం మొదలుపెట్టాడు. "క్రేను నడిపేవాడి కూతురి బండి వంకరగా ఉంటే నా పరువేం కావాలి?" అన్నాడు. బండి మాత్రం కొంచెం వంకరగానే వచ్చింది. ఎడమవైపుకి లాగేది. అందుకని కూతురు వీధి మొదటి నుంచి చివరి దాకా పండ్లు అమ్ముకుంటూ పోయి, ఎడమవైపు ఏ సందొస్తే ఆ సందులోకి తిరిగేది. ఆ సందులన్నీ ఆమెకు వాడుకగా మారాయి.

సెలవు రోజుల్లో దీవి మామ బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళేవాడు. అద్దాల ఇంట్లో, పెద్ద ఆకుల కింద, ఆ కప్ప ఎక్కడో ఒకచోట కూర్చుని ఉండేది. కనిపిస్తే కనిపించేది, లేకపోతే లేదు. ఆయన బెంచీ మీద కూర్చుని వచ్చేసేవాడు. జోలక్క ఒకసారి తోడు వెళ్ళింది. అద్దానికి అవతల పచ్చటి మసక. వస్తూ వస్తూ ఆయన, "ఒక్కటే ఉంటే అరవదు తల్లీ. ఎవరి కోసం అరుస్తుంది?" అన్నాడు. వచ్చిన రెండో చలికాలంలో ఆ కప్ప చనిపోయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. సెలవు రోజున గోడౌన్‌కే రావడం మొదలుపెట్టాడు. జోలక్క చిన్న గది పక్కన రెండో స్టూలు వేసింది.

యజమాని ఆ సంఘానికి దణ్ణం పెట్టలేదు. ఏటా మాట కుదుర్చుకుంటూనే వచ్చాడు. పెద్ద గదులు పెద్ద తోటలవే, అందులో మార్పేం లేదు. చిన్న గది మాత్రం కొండవాలుది. దాంతో పెద్దగా మిగిలిందీ లేదు, పోయిందీ లేదు. "మా జోలక్క కాలక్షేపం" అని ఇతర యజమానులతో అనేవాడు. వాళ్ళు నవ్వితే మాత్రం మొహం మాడ్చుకునేవాడు.

ఒక ఏడు ఆ దీవి మీద పెనుగాలి విరుచుకుపడింది. కొండవాలు తోటలన్నీ నేలకొరిగాయని కబురొచ్చింది. అరటిచెట్టు పడిపోతే పిలక లేచి, పెరిగి, గెల వేసేదాకా కాపు లేనట్టే. ఓడ వచ్చింది గానీ చిన్న గదికి ఏమీ రాలేదు. దీవి మామ ఆ రోజు మూట మొయ్యలేకపోయాడు.

గది ఖాళీ అయింది. ఉల్లిపాయల వ్యాపారి ఒకడు దాన్ని అద్దెకు అడుగుతున్నాడని హమాలీలు చెప్పుకున్నారు. సంఘంతో మాట తెగిపోతుందని జోలక్కకు అర్థమైంది. కాపు లేని ఏడు ఎవరు ఎవరి కోసం ఆగుతారు? లోకం అలా నడవదు. ఆమె అడగడానికి కూడా వెళ్ళలేదు. పొద్దున్నే వచ్చి గది ఊడ్చి, తలుపు తీసి గాలి ఆడనిచ్చి, మళ్ళీ వేసేది.

ముందుగా వచ్చింది క్యాంటీన్ వదిన. గడపలో నిలబడి ఆ భారీ గొంతును వీలైనంత తగ్గించి, "పెద్ద గదివి పంపకు. నేను కొనను. మీవి వచ్చేదాకా మా వాళ్ళకు పండు లేకుండానే పెడతాను. వచ్చాక చెప్పు" అంది. బేకరీ అతనూ ఇంచుమించు అదే అన్నాడు. బడి వంటశాల వాళ్ళు మాత్రం పిల్లలకు పండు పెట్టకుండా ఉండలేమన్నారు, ఆ మాటలో తప్పు లేదు. కూతురి ఎడమవైపు సందుల్లోని ఆడవాళ్ళు అరటిపండ్లకు బదులు బండి మీద పెట్టిన కూరగాయలు కొంటూ, "ఆ మచ్చలవి ఎప్పుడొస్తాయే పిల్లా? తోట వాళ్ళు బాగున్నారా?" అని అడిగేవాళ్ళు. తోట వాళ్ళు బాగున్నారా అని పండు కొనేవాళ్ళు అడగడం జోలక్క జీవితంలో అదే మొదలు. కూతురు ఆ మాట ఇంటికి తెచ్చి చెబితే, తండ్రి వింటూ వింటూ చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఈ మాటలన్నీ ఆ చెవినా ఈ చెవినా యజమానికి చేరాయి. ఒక మధ్యాహ్నం ఆయన చిన్న గది దగ్గరికి వచ్చాడు. జోలక్క స్టూలు మీద కునుకుతోంది. దీవి మామ లేపబోతే వద్దని సైగ చేసి, రెండో స్టూలు మీద తనే కూర్చున్నాడు. ఆమె కళ్ళు తెరిచేదాకా ఉన్నాడు.

"అయ్యో, ఎప్పుడొచ్చారండీ?"

"ఇప్పుడే. ఉల్లిపాయలాయన అడుగుతున్నాడు."

"విన్నానండీ."

"ఉల్లి వాసన గోడలకి పట్టుకుంటే పోతుందా?"

"పోదండీ."

"అయితే వద్దులే" అన్నాడు. వచ్చే కాపుకి కూడా మాట ఉందని సంఘానికి రాయించానని, పిలకలు నాటుకోవడానికి కొంత డబ్బు ముందుగానే పంపించానని, అదేదో వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. "నష్టమే. మా నాన్న ఉంటే తిట్టేవాడు. గది ఖాళీగానే ఉంచు."

లేచి వెళ్ళిపోయాడు. దీవి మామ మొహం అటు తిప్పుకున్నాడు.

ఖాళీ గదికి కాపలా కాయడం ఎలా ఉంటుందో ఆ ఏడాది జోలక్కకు తెలిసింది. లోపల ఏమీ లేదు. అయినా తలుపు తీశాక అలవాటుగా కాసేపు ఆగేది. కళ్ళు బరువెక్కేవి. ఇప్పుడు కలలో వాలు మీద చెట్లు లేవు, తవ్విన నేల ఉంది, నేల మీద వేలెడంత పిలకలు, వాటి మధ్య నడిచే మనుషులు. ఈసారి మొహాలు కనిపించేవి. ఎవరో తెలిసేది కాదు గానీ, చుట్టాల్లా ఉండేవాళ్ళు.

తర్వాతి ఏడు కాయలొచ్చాయి. ముందటికంటే చిన్నవి. చుక్కలు అలాగే ఉన్నాయి. క్రేను మీద నుంచి ఆ కంటైనర్‌ని దించిన పెనిమిటి, రేవంతా వినపడేలా కేక పెట్టి కబురు చెప్పాడట. దీవి మామ మొదటి పెట్టె భుజాన ఎత్తుకుని వచ్చాడు, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. జోలక్క మూత తీసి, కాగితం తప్పించి, కాయ మీద చెయ్యి ఆనించి చూసింది. చల్లగా ఉంది. గాఢనిద్రలో ఉంది. తలుపు వేసి, గదిని కొద్దిగా వెచ్చబరచి, పనిలో పడింది.